ఎడమచేతికి అందిన వాక్యాలు

మా అత్తయ్యను, అంటే నాన్న చెల్లెల్ని, కోర్టు వీధిలో అందరూ టైపమ్మ అనేవారు. కోర్టు గేటుకు ఎదురుగా, జిరాక్స్ షాపుకూ చెప్పులు కుట్టే అతని బల్లకూ మధ్య ఒక ఇరుకు గది ఉంది. ఇరవై ఆరేళ్ళు ఆ గదిలో కూర్చుని ఇతరుల కష్టాలు టైపు చేసింది. గోడ గురించి గొడవ, వదిలేసి పోయిన భర్త, రాని పెన్షను, ఏదైనా సరే. ఆ గది వెనకే మరో చిన్న గది, అందులో మంచం, స్టవ్వు, కిటికీ. అదే ఆవిడ ఇల్లు.

వచ్చినవాళ్ళు సృష్టి మొదటినుంచి చెప్పుకొచ్చేవారు. అత్తయ్య తల తిప్పకుండా వినేది.

“ఎప్పుడు మొదలైందో చెప్పమ్మా. ఎందుకు మొదలైందో వాళ్ళు తేలుస్తారు,” అనేది.

ఆవిడ కంప్యూటర్ మీద ఇంకొకరు పనిచేయడం కష్టం. కీబోర్డు మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. నల్లటి పలకలు మాత్రం మిగిలాయి, నదిలో రాళ్ళలాగా నున్నగా. పైగా సగం పని షార్ట్‌కట్‌లతో నడిచేది. రెండు అక్షరాలు కొట్టి స్పేస్ నొక్కితే చాలు, తెర మీద ఒక వాక్యం మొత్తం పరుచుకునేది. పదేపదే వచ్చే వాక్యాలకు ఆవిడ అలా పెట్టుకుంది. ఇరవైమంది నోట ఒకే మాట వినేదాకా దేనికీ షార్ట్‌కట్ పెట్టనని నియమం.

ఒకసారి ఒకావిడ నిలదీసింది. “గంటసేపు నా గోడు చెప్పుకున్నాను. నువ్వు టకటకా రెండు కొట్టావు. అయిపోయిందా టైపమ్మా?”

“నీకంటే ముందు మూడొందలమంది చెప్పారు తల్లీ. అందుకే అయిపోయింది,” అంది అత్తయ్య.

కాలేజీ అయ్యాక మధ్యాహ్నాలు నేను అక్కడికి వెళ్ళి సాయం చేసేదాన్ని. మొదట్లో ఒక్కో దరఖాస్తు టైపు చేస్తుంటే మధ్యలో చెయ్యి ఆగిపోయేది. ఆరు నెలలకు అది పోయింది. ‘సదరు వ్యక్తి వలన నాకు ప్రాణభయం కలదు’ అన్న వాక్యం నాకు కామాతో సమానం అయింది. పనిలో చేయి తిరగడమంటే ఇదేనని సంతోషపడ్డాను కూడా.

ఒకరోజు పొద్దున తలుపు తెరవలేదని జిరాక్స్ అతను కిటికీలోంచి చూశాడు. అత్తయ్య మంచం పక్కన నేల మీద పడి ఉంది. ఆసుపత్రిలో పదిహేడు రోజులు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది.

“ఎంతవరకు అర్థమవుతోందో చెప్పలేం,” అన్నాడు డాక్టరు. “చేతికి అలవాటైన పనులు కొన్ని మిగలొచ్చు. చూస్తూ ఉండండి.”

ఇంటికి పంపేటప్పుడు రెండు దారులు కనిపించాయి. షాపు వెనక తన గదికే తీసుకెళ్ళి పగటిపూట ఒక నర్సును పెట్టడం, లేదా మా ఇంటికి తీసుకురావడం. నాన్న మొదటి దారి మాటే ఎత్తనివ్వలేదు.

“నేను బతికుండగా నా చెల్లెలు ఎక్కడో ఎందుకు పడుంటుంది?” అన్నాడు.

నేనూ ఆయన పక్షమే. అత్తయ్య గది ఇరుకు, మా ఇంట్లో వెనక గది ఖాళీగా ఉంది. దాన్ని కడిగి, కొత్త పరుపు వేసి, నేనే సిద్ధం చేశాను. అత్తయ్య మా ఇంటికి వస్తుండేది కానీ ఒక్క రాత్రి కూడా ఉండేది కాదు. వాన పడుతున్నా గొడుగేసుకుని తన గదికి పోయేది. ‘దానికి సొంత మంచం కాకపోతే నిద్రపట్టదు’ అని మాకో వేళాకోళం. ఇప్పుడైనా మా దగ్గర ఉంటుంది కదా అనుకున్నాను.

షాపు గదుల యజమాని రెండు నెలలు గడువిచ్చాడు. ఆలోగా ఆవిడ తిరిగి రాకపోతే తాళంచెవి ఇచ్చేయాలి, ఇంకెవరో అడుగుతున్నారు. తాళంచెవి ఇచ్చేస్తే అత్తయ్యకు ఇక మా వెనక గదే ఇల్లు. ఆ సంగతి ఆవిడను ఎవరూ అడగలేదు.

“దాన్నేం అడుగుతావు? దానికేం తెలుసు ఇప్పుడు?” అన్నాడు నాన్న, ఆవిడ మంచం పక్కనే నిలబడి.

నాకు ఆ మాట నచ్చలేదు. ఒక్కసారి, ఏదో ఒక విధంగా, ఆవిడ చేత జవాబు చెప్పించాలనిపించింది. అక్షరాల అట్ట పెట్టి చూపించమన్నాను. వేలు దేని మీదో పడేది, మాట అయ్యేది కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగితే అట్ట తీసేశాను. అప్పుడు తట్టింది, కంప్యూటర్. జిరాక్స్ అతని సాయంతో షాపు నుంచి తెచ్చి, మంచానికి అడ్డంగా ఒక బల్ల వేసి, కీబోర్డు ఆవిడ ఎడమచేతికి అందేలా పెట్టాను.

చెయ్యి వెంటనే కదల్లేదు. కీల మీద అలా వాలి ఉంది, నిద్రపోతున్న పిల్లిలాగా. నేను పాలలో నానబెట్టిన రొట్టె తేవడానికి వంటగదిలోకి వెళ్ళాను. అక్కడ ఉండగానే వినిపించింది. టక్, టక్. తర్వాత స్పేస్ కీ మోత, కాస్త గట్టిగా. ఏళ్ళ తరబడి విన్న చప్పుడు అది. అయినా మా ఇంట్లో, ఆ గదిలోంచి వస్తుంటే గిన్నె అక్కడే వదిలేసి పరుగెత్తాను.

తెర మీద ఇలా ఉంది: ‘పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడి లేకుండా, నా ఇష్టప్రకారం తెలియజేయుచున్నాను.’

నేను అమ్మను పిలిచాను. అమ్మ నాన్నను పిలిచింది. ముగ్గురం నిలబడి చదివి నవ్వుకున్నాం. నవ్వులో ఏడుపు కూడా ఉంది.

“పాపం, దరఖాస్తు మొదలుపెట్టింది,” అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

డాక్టరు చెప్పింది ఇదేనని నాకు అర్థమైంది. మాట పోయింది, అక్షరాలు పోయాయి, వేళ్ళు నేర్చుకున్న జంట దెబ్బలు మిగిలాయి. అవి ఎన్నో చూద్దామని షార్ట్‌కట్‌ల జాబితా తెరిచాను. నాలుగు వందల చిల్లర. అందులో రెండు అక్షరాలూ కీబోర్డు ఎడమ సగంలో ఉన్నవి నలభై ఒకటి. అంటే మా అత్తయ్యకు లోకంలో మిగిలిన మాటలు నలభై ఒకటి, అవీ ఇతరుల కష్టాల కోసం తయారుచేసినవి. వాటిని ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. ‘పై విషయములన్నియు నాకు సమ్మతమే’ అందులో ఉంది. ‘అద్దె గదిని ఖాళీ చేసి స్వాధీనపరచుటకు అంగీకరించుచున్నాను’ కూడా ఉంది. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక అడగొచ్చు.

“అత్తయ్యా, షాపు గది తాళంచెవి ఇచ్చేయమంటావా? ఇక్కడే ఉంటావా మా దగ్గర?”

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. అప్పుడే నాన్న లోపలికి వచ్చాడు. ప్రతి సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఆయన చేసే పని ఒకటుంది. చెల్లెలి తల పైకెత్తి, తలగడ తీసి, రెండు చేతులతో దులిపి, మళ్ళీ పెట్టడం. అంత మెత్తగా మా అమ్మ కూడా చేయలేదు. ఆయన తలగడ చేతిలోకి తీసుకోగానే అత్తయ్య ఎడమచెయ్యి కదిలింది.

‘సదరు వ్యక్తి వలన నాకు ప్రాణభయం కలదు.’

నాన్న చదివాడు. తలగడ అలాగే ఛాతీకి ఆనించుకుని నిలబడిపోయాడు.

“ఏంటే ఇది?” అన్నాడు నా వైపు తిరిగి.

“అది చేతి అలవాటు నాన్నా,” అన్నాను. “రోజూ కొట్టే వాక్యం. నేనూ కొడతాను. అందులో అర్థమేమీ ఉండదు.”

“అంతేనంటావా?”

“అంతే.”

ఆయన ఊపిరి వదిలి నవ్వాడు. “నా మీదే కేసు పెట్టేస్తోందనుకున్నాను!” అని తలగడ సర్ది, బుగ్గ తట్టి వెళ్ళాడు.

మర్నాడు అదే వాక్యం. ఆ మర్నాడూ అదే. దాని కిందే మరొకటి: ‘వెంటనే తగిన చర్య తీసుకొనవలసినదిగా కోరుచున్నాను.’ నలభై ఒకటి ఉండగా ఆవిడ వేళ్ళు మూడింటి దగ్గరే తిరిగేవి. ముందు స్పృహ, తర్వాత భయం, తర్వాత చర్య. దరఖాస్తులో వాక్యాలు వచ్చే వరస కూడా అదే కాబట్టి, నా వాదన నాకు మరింత గట్టిపడింది.

పట్టుకున్నది అమ్మే. కూర తరుగుతూ మామూలుగా అంది.

“గమనించావా? నేను వెళితే ఆ చెయ్యి కదలదు. నువ్వు వెళ్ళినా అంతే. మీ నాన్న చెప్పుల చప్పుడు వినబడగానే టకటకా మొదలవుతుంది.”

“నాన్న వచ్చేది ఆఫీసు వదిలే టైముకి కదమ్మా. అత్తయ్య షాపులో రద్దీ కూడా ఆ వేళకే. అలవాటు.”

“నీకన్నిటికీ ఒక జవాబుంటుంది,” అంది అమ్మ. “నేను కాపురానికి వచ్చేసరికే ఆవిడ వేరే ఉంది. ఎందుకని అడిగితే, మీ నాయనమ్మ నోరు మూసుకోమంది. మూసుకున్నాను.”

కొన్నాళ్ళకు నాన్న నవ్వడం మానేశాడు. గడువు ఇంకా ఐదు రోజులుందనగా నన్ను హాల్లోకి పిలిచి, “ఆ మిషను తీసెయ్. దాని ఆరోగ్యానికి మంచిది కాదు,” అన్నాడు. “ఆదివారం తాళంచెవి ఇచ్చేస్తానని వాళ్ళకు చెప్పాను.”

ఆయన ముఖం చిన్నబోయి ఉంది. నొచ్చుకున్నాడనుకున్నాను. అంత సేవ చేస్తుంటే ఈ మాట పడడం ఎవరికైనా కష్టమే. ఆ వాక్యం ఎన్నెన్ని దరఖాస్తుల్లో ఉందో లెక్క తీసి చూపిస్తే మనసు కుదుటపడుతుందని అనిపించింది. మధ్యాహ్నం ఆయన ఆఫీసులో ఉండగా వెనక గదిలో కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. అత్తయ్య తలగడ మీదనుంచి నన్నే చూస్తోంది. ‘ప్రాణభయం’ వాక్యం ఇచ్చి కంప్యూటర్ మొత్తం వెతికాను.

మూడు వేల నూట పన్నెండు ఫైళ్ళు వచ్చాయి. ‘చూడు, నేను చెప్పలేదా’ అనాలనిపించేంత సంతోషం. అత్తయ్య ఫైళ్ళకు మనుషుల పేర్లు పెట్టదు. పని పేరు, కష్టం పేరు. ‘పాలవాడు, గోడ’. ‘కుట్టుమిషనమ్మాయి, భర్త’. ‘వాచ్‌మన్, కొడుకు’. కిందికి దిగుతూ పోయాను. అన్నిటికంటే పాత ఫోల్డరు మొదటి కంప్యూటర్ నాటిది, ఒక మిషను నుంచి ఇంకో మిషనుకు మోసుకుంటూ వచ్చినది. అందులో ఒక్కటే ఫైలు. పేరు ‘నాది’.

తెరిచాను.

దరఖాస్తుదారు పేరు దగ్గర మా అత్తయ్య పేరుంది. ప్రతివాది పేరు దగ్గర మా నాన్న పేరు, పక్కన ‘నా సొంత అన్నగారు’ అని ఉంది.

విషయం ఒక పేజీ మించలేదు. ఎవరి దరఖాస్తునైనా ఆవిడ అలాగే రాసేది, ఎప్పుడు మొదలైందో మాత్రమే. తనకు ఇరవై మూడేళ్ళప్పుడు వేరే ఊళ్ళో టైపిస్టు ఉద్యోగం వచ్చినది. పది రోజుల్లో చేరవలెనని ఉత్తరువు. అన్నగారు వద్దన్నారు. పెట్టె సర్దుకొనుచుండగా ఇంటి వెనక గదిలోనికి నెట్టి, తలుపుకు బయట గడియ పెట్టినారు. మూడవ రోజు కిటికీ వద్ద నిలబడి కేకలు వేయగా, సదరు వ్యక్తి లోనికి వచ్చి, కేకలు ఆగువరకు తలగడ ముఖముపై అదిమి పట్టినారు. పదకొండవ రోజున తలుపు తీసినారు. సదరు వ్యక్తి వలన నాకు ప్రాణభయం కలదు.

కింద సంతకం చోటు ఖాళీ. తేదీ ఖాళీ.

పాత కాగితం, ఎప్పటిదో బాధ అని సరిపెట్టుకుందామని చూశాను. పైన వయస్సు గడి కనబడింది. ‘52 సంవత్సరములు.’ అత్తయ్యకు ఇప్పుడు యాభై రెండు. నాన్న వయస్సు అరవై. అదీ ఈ ఏటిదే. ఫైలు చివరిసారి మార్చిన తేదీ చూస్తే, ఆవిడ పడిపోవడానికి నాలుగు రోజుల ముందు. అది ఆవిడ పుట్టినరోజు. ఆ రోజు మేమంతా కలిసి మా హాల్లో భోజనాలు చేశాం. నాన్న ఏదో పాత జోకు చెబితే అత్తయ్య పొలమారేంత నవ్వింది. చీకటి పడకముందే గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళి, ఫైలు తెరిచి, రెండు వయస్సులు సరిదిద్ది, మూసింది. ప్రతి ఏడూ అలాగే చేసి ఉంటుంది. ఏ రోజు ఇవ్వాల్సి వచ్చినా అందులో తప్పు ఉండకూడదు.

ఆవిడను నేను తెచ్చి పడుకోబెట్టింది ఆ గదిలోనే.

తల తిప్పి చూశాను. అత్తయ్య తెర వైపు చూడడం లేదు, నా వైపు చూస్తోంది. కీబోర్డు ఆవిడ చేతి కిందికి జరిపాను.

“అత్తయ్యా, ఇది నిజమేనా?”

టక్, టక్, స్పేస్.

‘పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడి లేకుండా, నా ఇష్టప్రకారం తెలియజేయుచున్నాను.’

ఎన్నో వందలసార్లు నేనే టైపు చేసిన వాక్యం. చదవడం మాత్రం అదే మొదటిసారి.

ఆదివారం పొద్దున నాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి చెయ్యి చాపాడు.

“తాళంచెవి ఇలా ఇవ్వు.”

“ఇవ్వను నాన్నా. అత్తయ్య తన గదికి వెళుతోంది. నర్సుతో మాట్లాడాను. రాత్రిళ్ళు నేను పడుకుంటాను.”

“పిచ్చెక్కిందా? ఎవరు చెప్పారు వెళుతుందని? ఆ మిషనా?”

“అత్తయ్య చెప్పింది.”

“అది మాట్లాడలేదు!”

నేను చిన్నప్పటినుంచి నాన్నకు ఎదురు చెప్పిన మనిషిని కాను. అయినా, “నాన్నా, ఆ వెనక గది తలుపుకు బయట గడియ ఉండేదా?” అని అడిగాను.

ఆయన కళ్ళు ఒక్క క్షణం ఎటో పోయి వచ్చాయి. “ఏ గడియ? ఏ తలుపుకూ బయట గడియ లేదు. కళ్ళున్నాయిగా, వెళ్ళి చూసుకో.”

వెళ్ళి చూశాను. ఆకుపచ్చ రంగు, నున్నగా, పైనుంచి కిందిదాకా. గడియ లేదు, గుర్తు లేదు. అన్నేళ్ళు ఇతరుల గోడు విన్న మనిషి, ఒంటరిగా కూర్చుని తనకూ ఒకటి అల్లుకుందేమో. అలాంటివాళ్ళు షాపుకు వచ్చేవారు కూడా. అత్తయ్యే చెప్పేది, కొందరిది నిజం కాదు, కానీ టైపు చేయాల్సిందే అని. జిరాక్స్ అతను వ్యాను తెచ్చి వీధిలో హారన్ కొట్టాడు. నిజమైనా కాకపోయినా, నీ గదికి వెళ్ళిపోతావా అని నేను అడిగితే ఆవిడ ‘వెంటనే తగిన చర్య’ అని కోరింది. అంతవరకు నాకు తెలుసు. అమ్మా నేనూ కలిసి ఆవిడను చక్రాల కుర్చీలోకి ఎత్తాం. అమ్మ ఆవిడ చీరలు మడిచి సంచిలో పెట్టింది.

వెనక గది గడప దాటుతుండగా కుర్చీ ఆగిపోయింది. అత్తయ్య ఎడమచేత్తో తలుపు పట్టుకున్నట్టు కనిపించింది.

“చూశావా? వెళ్ళనంటోంది,” అన్నాడు నాన్న హాల్లోంచి. గొంతులో గెలుపు.

నేను కుర్చీ వదిలి ముందుకు వచ్చాను. అత్తయ్య తలుపును పట్టుకోలేదు. తలుపు బయటి వైపు, నా భుజమంత ఎత్తులో ఉన్నచోటికి చెయ్యి చాపి, వేలి కొనలతో రంగు మీద మెల్లగా నిమురుతోంది. కీల కోసం తడిమినట్టే, చూడకుండా. ఒకచోట ఆగింది. కాస్త జరిగి ఇంకోచోట. నేను నా వేలు అక్కడ పెట్టాను. రంగు కింద చిన్న గుంట. పక్కన మరొకటి. కింద ఇంకో రెండు. మేకులు దిగేంత గుంటలు, మైనంతో పూడ్చి పైన పూతలు పూతలుగా రంగు వేసినవి. కంటికి ఏమీ కనబడదు. వేలికి తెలుస్తుంది.

నాన్న మా ఇద్దరి వేళ్ళూ ఎక్కడున్నాయో చూశాడు. అమ్మ కూడా చూసింది.

తర్వాత ఆయన ఒక అడుగు ముందుకు వేసి, నన్ను కాదు, కుర్చీలో ఉన్న మనిషిని చూస్తూ అన్నాడు. “నీ మంచికేనే. నీ మంచికే చేశాను.”

రెండు నెలల్లో ఆయన ఆవిడతో నేరుగా మాట్లాడడం అదే మొదలు. ఇన్నాళ్ళూ దానికేం తెలుసు అన్న మనిషి, జవాబు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

అత్తయ్య తల తిప్పలేదు. చేతిని తలుపు మీదనుంచి తీసి, కుర్చీ ఎడమ చక్రం మీద వేసి, తనే ముందుకు నెట్టింది. ఒక చక్రమే తిరగడంతో కుర్చీ వంకరపోయి గోడకు తగలబోయింది. నేను సరిచేసి వీధి వైపు తిప్పాను.